నంబర్లు కలిశాయి, తుపాకీ కలవలేదు: ఒక లూగర్ కొనుగోలు కేస్ స్టడీ

పాత తుపాకులు పరీక్షించి ఏది అసలు, ఏది అతుకులబొంత అని చెప్పడం నా వృత్తి. సేకర్తల్లో కొందరు కొనే ముందు వస్తారు, చాలామంది కొన్నాక వస్తారు. ఈ కేసులో ఒకే మనిషికి, ఒకే తుపాకీని రెండుసార్లు చూశాను. ఫొటోలు చూసి మొదట సరేనన్నాను. వస్తువు చేతికొచ్చాక కాదన్నాను. చివరికి డబ్బు వెనక్కి వచ్చింది. అయితే అది వచ్చింది నా భూతద్దం వల్ల కాదు. కొనే ముందు అమ్మకందారు చేత రాయించుకున్న ఒక్క వాక్యం వల్ల వచ్చింది. ఆ వాక్యం గురించి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

కొన్నాయన్ని ఇక్కడ పెద్దాయన అంటాను. ఉద్యోగ విరమణ చేశారు, లైసెన్సు ఉంది, పదేళ్లుగా మొదటి ప్రపంచ యుద్ధం నాటి పిస్టళ్లు ఓపిగ్గా సేకరిస్తున్నారు. మోసపోయే అమాయకుడు కాదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి మోసం కొత్తవాళ్ల కోసం తయారయ్యేది కాదు. నంబర్లు చూడటం తెలిసినవాళ్ల కోసమే నంబర్లు మారుస్తారు.

వస్తువు

లూగర్ పిస్టల్, 1917. గెయోర్గ్ లూగర్ రూపకల్పన. దీన్ని 1900లో స్విట్జర్లాండ్, 1904లో జర్మన్ నౌకాదళం, 1908లో జర్మన్ సైన్యం తీసుకున్నాయి. సైన్యం వాడిన నమూనాకి పీ 08 అనే పేరు ఆ సంవత్సరం నుంచే వచ్చింది. బ్యారెల్ 100 మిల్లీమీటర్లు, తూటా 9 మిల్లీమీటర్లు. బెర్లిన్‌లోని డీడబ్ల్యూఎం కంపెనీ చేసిన పిస్టల్ అయితే, మోకాలిలా మడిచి లేచే టాగిల్ మీద ఆ మూడక్షరాలు ఒకదానిలో ఒకటి అల్లుకున్న ముద్ర ఉంటుంది. తూటా కూర్చునే గది, అంటే చాంబర్, మీద తయారైన సంవత్సరం ఉంటుంది.

సేకర్తలు దీని నంబర్ల మీద ఇంత ప్రాణం పెట్టడానికి కారణం ఫ్యాక్టరీలోనే ఉంది. భాగాలను యంత్రం కోసినా, చివరి అమరిక చేతిపనే. పెట్టి చూసి, ఆకురాయితో రాసి, మళ్లీ పెట్టి చూసి కుదిర్చేవాళ్లు. ఒక పిస్టల్‌కి కుదిరిన భాగం ఇంకోదాంట్లో కుదరకపోవచ్చు. అందుకని ఫ్రేము (పిడితో కలిసిన కింది భాగం) ముందు, రిసీవర్ (బ్యారెల్ బిగించే పై భాగం) ఎడమ పక్క, బ్యారెల్ అడుగున పూర్తి సీరియల్ నంబరు, చిన్న భాగాల మీద అందులోని చివరి రెండంకెలు కొట్టేవాళ్లు. సైడ్ ప్లేటు, ట్రిగ్గరు, సేఫ్టీ మీట, ఎజెక్టరు, టాగిల్ కీళ్లు ఇలా చిన్నాపెద్దా కలిపి డజనుకు పైగా భాగాల మీద ఆ అంకెలుంటాయి. నూరేళ్ల తర్వాత కూడా అవన్నీ ఒకటే అయితే, ఆ పిస్టల్ ఫ్యాక్టరీ గడప దాటాక విడిపోలేదన్నమాట. సేకర్తలు దాన్నే మ్యాచింగ్ అంటారు. ఒక్క భాగం తేడా వచ్చినా విలువ పడిపోతుంది, మూడు నాలుగు తేడాలొస్తే అది వేరే తరగతి వస్తువు.

ఇంకో సంగతి. డీడబ్ల్యూఎం ఏటా నంబర్లు ఒకటి నుంచి మొదలుపెట్టి, పదివేలు దాటగానే ఏ, బీ అని చిన్నక్షరం చేర్చేది. కాబట్టి ఒకే నాలుగంకెల నంబరుతో పిస్టళ్లు చాలా ఉంటాయి. సంవత్సరం, నంబరు, అక్షరం మూడూ కలిస్తేనే ఒక పిస్టల్. ఫిర్యాదు రాసినా ఆరా తీసినా ఈ మూడూ రాయాలి.

ప్రకటన, మా ప్రశ్నలు

ప్రకటనలో ఏడు ఫొటోలు. నల్లటి గుడ్డ మీద పెట్టి, పక్కనుంచి వెలుతురు పడేట్టు తీసినవి. కింద రెండు లైన్ల వివరణ: అన్నీ మ్యాచింగ్, పాత ఫినిష్, అంటే ఉక్కు మీది రంగు కూడా పాతదే అని. ఆ తర్వాత కథ. తాతగారు యుద్ధం నుంచి తెచ్చుకున్నారు, ట్రంకు పెట్టెలో అలాగే ఉండిపోయింది, ఇంట్లో ఎవరికీ ఆసక్తి లేక అమ్ముతున్నాం అని.

కథను నేను అనుమానించను, అలాగని లెక్కలోకీ తీసుకోను. కాగితం ఉంటే చదువుతాను. లేకపోతే అది పిస్టల్‌తో పాటు వచ్చే సంచిలాంటిది, ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే.

నేను ముందుగా చూసేది ఫొటోల్లో ఏముందని కాదు, ఏది లేదని. ఇక్కడ బ్యారెల్ అడుగు లేదు. సైడ్ ప్లేటు తీసి లోపల చూపించిన ఫొటో లేదు. టాగిల్ ఎత్తి తీసిన ఫొటో లేదు. పెద్దాయనతో ఆ మూడూ అడిగించాం. ఫొటోలు కాజేసి లేని వస్తువు అమ్మేవాళ్లు ఉంటారు కాబట్టి, మేం చెప్పిన మాట ఒక చీటీ మీద రాసి పిస్టల్ పక్కన పెట్టి తీయమన్నాం. చీటీతో సహా ఫొటోలు మర్నాడే వచ్చాయి. వస్తువు అతని దగ్గరే ఉందని తేలింది. లోపలి ఫొటో, టాగిల్ ఫొటో బాగానే ఉన్నాయి. బ్యారెల్ అడుగు ఫొటో మాత్రం మసకగా వచ్చింది. నంబరు చదవడానికి వస్తోంది, అంకెల అంచులు కనబడటం లేదు.

నా తప్పు ఇక్కడ జరిగింది. ఇంకోసారి తీయించమని గట్టిగా పట్టుబట్టాల్సింది. పెద్దాయన ఆత్రంగా ఉన్నారు, ఇంకెవరో కూడా అడుగుతున్నారని అమ్మకందారు చెబుతున్నాడు, చదవడానికి వస్తోంది కదా అని నేను వదిలేశాను. మిగతా ఫొటోలన్నీ స్పష్టంగా ఉండి ఒక్కటి మసకబారిందంటే కెమెరా తప్పు అనుకోకూడదు.

ఒక పని మాత్రం సరిగ్గా చేశాం. మ్యాచింగ్ అన్న మాట దగ్గర ఆగలేదు. పెద్దాయన చేత రాతలో మూడు ప్రశ్నలు అడిగించాను. ఈ నంబర్లన్నీ ఫ్యాక్టరీలో కొట్టినవేనా? ఏ భాగమైనా తర్వాత మార్చారా, నంబరు మళ్లీ వేశారా? ఫినిష్ అప్పటిదేనా, మళ్లీ చేయించారా? అతను వెంటనే ఫోన్ చేసి ఆప్యాయంగా అరగంట మాట్లాడాడట. పెద్దాయన నాకు ఫోన్ చేసి, "మనిషి మంచివాడిలాగే ఉన్నాడు బాబూ, అన్నీ చెప్పాడు" అన్నారు. చెప్పింది రాయమనండి అన్నాను. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు వచ్చింది: "నంబర్లన్నీ 1917లో ఫ్యాక్టరీ వేసినవే. ఏదీ మార్చలేదు. ఫినిష్ కూడా అప్పటిదే."

ఇక డబ్బు. ఈరోజే నేరుగా బ్యాంకు ఖాతాలో వేస్తే తగ్గిస్తానన్నాడు. అలా వేసిన డబ్బు వెనక్కి రాబట్టడం దాదాపు అసాధ్యం. తగ్గింపు ఆశ చూపేది కూడా అందుకే. ఒప్పుకోలేదు. డబ్బు ఎస్క్రోలో, అంటే వస్తువు చూసి సరేననేదాకా దాన్ని తన దగ్గర ఉంచుకునే మధ్యవర్తి దగ్గర పెట్టి, పిస్టల్ చేతికి అందిన తర్వాత మూడు రోజుల పరిశీలన గడువు ఉండేట్టు ఒప్పందం రాసుకున్నాం. పిస్టల్ లైసెన్సున్న డీలర్ నుంచి లైసెన్సున్న డీలర్‌కే వెళ్లాలన్నాం. చట్టం ఏ దేశంలో ఎలా ఉన్నా ఈ దారి తప్పకూడదు. డీలర్ అక్కర్లేదు, నేరుగా ఇంటికే పంపిస్తానన్న అమ్మకందారుతో అక్కడితో మాట ముగించేయాలి.

చేతికొచ్చాక

పెట్టె డీలర్ దగ్గర, ఆయన ఎదుటే విప్పాం. సీలు కోయడం దగ్గర్నుంచి వీడియో తీశాం, మధ్యలో ఎక్కడా ఆపలేదు. మొదట మ్యాగజైన్ తీసి, టాగిల్ ఎత్తి, చాంబర్ ఖాళీ అని చూశాం. లూగర్‌లో తూటా ఉంటే ఎక్స్‌ట్రాక్టర్ (తూటాను చాంబర్ నుంచి బయటికి లాగే కొక్కెం) పైకి లేచి, దాని పక్కన గెలాడెన్ అన్న అక్షరాలు కనబడతాయి. అది జర్మన్ మాట, తూటా నింపి ఉందని అర్థం. అది లేవలేదు కదా అని ఊరుకోకూడదు, వేలుపెట్టి చూడాలి.

కిటికీ దగ్గరికి తీసుకెళ్లగానే నా మనసు కీడు శంకించింది. రంగు తేడాగా ఉంది. డీడబ్ల్యూఎం వాళ్లది రస్ట్ బ్లూయింగ్. ఉక్కుకి పల్చగా తుప్పు పట్టించి, మరిగే నీళ్లలో ఉడికించి, రుద్ది, మళ్లీ మళ్లీ అదే పని చేసి తెచ్చే నీలం. అది లోతుగా, కొంచెం బూడిదరంగు కలిసినట్టు ఉంటుంది. తోలు ఒరలో రాసుకుని బ్యారెల్ కొస, సైడ్ ప్లేటు అంచులు తెల్లబడతాయి. ఈ పిస్టల్ నిగనిగలాడే నలుపు. వేడి ఉప్పు ద్రావణంలో ముంచితే వచ్చే రంగు అది. లూగర్ల తయారీలో మౌజర్ కంపెనీ ఆ పద్ధతికి మారింది 1937లో. 1917 నాటి పిస్టల్ మీద ఆ నలుపు ఉందంటే, ఇరవై ఏళ్లో అంతకంటే ఎక్కువో గడిచాక ఎవరో ముంచారని అర్థం. పైగా రిసీవర్ మీద అక్కడక్కడా తుప్పు తిన్న చిన్న గుంటలున్నాయి, ఆ గుంటల లోపల కూడా నలుపే. తుప్పు ముందు, రంగు తర్వాత.

ఫినిష్ అప్పటిదే అన్న మాట అక్కడితో పోయింది. మిగిలింది నంబర్లు.

బ్యారెల్ అడుగు తిప్పాను. డీడబ్ల్యూఎం బ్యారెల్ నంబరును బ్లూయింగ్ అయ్యాక కొట్టేవాళ్లు. పంచ్ (అంకె కొట్టే ఉక్కు ముద్ర) దిగినచోట లోహం పక్కకి ఉబ్బి, అంకెల చుట్టూ సన్నని వలయంలా లేస్తుంది. ఏళ్ల రాపిడికి ఆ ఉబ్బు మీద రంగు పోయి మెరుస్తుంది. సేకర్తలు దాన్ని హేలో అంటారు. ఇక్కడ హేలో లేదు. దానికి బదులు నంబరున్న చోటంతా పల్లంగా ఉంది. స్టీలు స్కేలు అంచు బ్యారెల్ పొడవునా ఆనించి, వెనక నుంచి దీపం పెట్టాను. రెండు కొసల దగ్గర వెలుగు రాలేదు, నంబరు కింద సన్నని గీతలా వచ్చింది. పాత నంబరు అరగదీసి, కొత్తది కొట్టి, పైన రంగు ముంచారు. ఆ కాలపు బ్యారెల్ మీద నంబరుతో పాటు లోపలి వ్యాసం కూడా మిల్లీమీటర్లలో 8,83 లాంటి అంకెల్లో (దశాంశ బిందువు బదులు జర్మన్ కామాతో) ఉండటం మామూలు. ఆ అంకెల తోక మాత్రమే మిగిలింది, ముందు భాగం అరుగుడులో పోయింది. మసక ఫొటో దాచింది దీన్నే.

ఫ్రేము మీద చివరి రెండంకెలు 47. ఆ నాలుగుని పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం కింద పెట్టి కాగితం మీద గీసుకున్నాను. తర్వాత సైడ్ ప్లేటు నాలుగు, ట్రిగ్గరు నాలుగు, సేఫ్టీ మీట నాలుగు గీశాను. ఫ్రేము నాలుగులో అడ్డగీత నిలువుగీతను దాటి కొంచెం బయటికొస్తుంది. మిగతా మూడింట్లో అడ్డగీత నిలువుగీత దగ్గరే ఆగిపోయింది. ఆ మూడూ ఒకే పంచ్ దెబ్బలు. వేర్వేరు కాలాల్లో తప్పిపోయిన భాగాలు కావు, ఒకే చేయి ఒకే రోజు కూర్చుని కొట్టినవి. సైడ్ ప్లేటు మీద దీపం ఏటవాలుగా పడితే, ఏడు కింద ఇంకో అంకె వంపు నీడలా కనబడింది. అది మూడో, ఎనిమిదో తేల్చుకోలేకపోయాను. ఏడు మాత్రం కాదు.

తర్వాత గడ్డిరంగు. ఆ రోజుల్లో ట్రిగ్గరు, సేఫ్టీ మీట, ఎజెక్టరు లాంటి చిన్న భాగాలను నీలం చేయకుండా, 220 డిగ్రీలు, ఆ పైన కొంచెం వేడి చేసి పండిన గడ్డి రంగు తెప్పించేవాళ్లు. ఈ పిస్టల్‌కీ ఆ రంగుంది, అయితే ఇత్తడిలా ఒకే తీరున మెరుస్తోంది. ట్రిగ్గరు పిన్ను రంధ్రం లోపల, ఎజెక్టరు వెనక మూలలో నల్లటి మరకలు మిగిలాయి. అంటే ఆ భాగాలు కూడా ఒకప్పుడు నల్ల ద్రావణంలో మునిగాయి, పైన నలుపు తీసేసి ఈమధ్య కాల్చి రంగు తెప్పించారు. చిన్నాపెద్దా తేడా లేకుండా అన్నిటినీ కలిపి ఎవరు ముంచుతారు?

జవాబు రిసీవర్ ఎడమ పక్క దొరికింది. పాలిష్ కింద, ఏటవాలు వెలుతురులో మాత్రమే కనబడే చిన్న ఎక్స్ గుర్తు.

రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ సైన్యం జర్మన్ల దగ్గర స్వాధీనం చేసుకున్న పిస్టళ్లను ఆయుధాగారాల్లో విప్పి, కడిగి, భాగాలన్నీ కలిపి నల్ల ద్రావణంలో ముంచి, నంబర్లు పట్టించుకోకుండా మళ్లీ బిగించి నిల్వ చేసింది. ఆ మరమ్మతులో చాలావాటి మీద ఎక్స్ పడింది. సోవియట్ యూనియన్ కూలిపోయాక అవి సేకర్తల మార్కెట్లోకి వచ్చాయి. వాటికీ చరిత్ర ఉంది, వాటిని ఇష్టపడి కొనేవాళ్లూ ఉన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మితే ఇది కూడా గౌరవంగా అమ్ముడుపోయేది. ఈ పిస్టల్‌కి ఎవరో ఆ ఎక్స్‌ని రుద్దేసి, బ్యారెల్, సైడ్ ప్లేటు, చిన్న భాగాలకు కొత్త నంబర్లు వేసి, గడ్డిరంగు కాల్చి, మసిపూసి మారేడుకాయ చేశారు. సోవియట్ ఆయుధాగారంలో నిల్వ ఉండి వచ్చిన పిస్టల్ అప్పటినుంచీ తాతగారి ట్రంకు పెట్టెలో ఉండే అవకాశమే లేదు.

ఫ్రేము నంబరు మాత్రం అసలుదే. దాని గురించి ప్రత్యేకంగా గంటసేపు చూశాను. ఎందుకంటే చాలా దేశాల్లో తుపాకీకి చట్టబద్ధమైన గుర్తింపు ఆ నంబరే, దాన్ని చెరపడం నేరం. అది చెరిపినట్టు తేలితే వాపసు, బేరం అన్న మాటే ఉండకూడదు. వస్తువు డీలర్ దగ్గరే ఉంచి పోలీసులకు చెప్పాలి. తిప్పి పంపితే ఆ నేరంలో మనమూ ఒక చేయి వేసినట్టవుతుంది.

వాదన

పెద్దాయన కోపంగా ఒక ఉత్తరం రాసి నాకు చూపించారు. అందులో దొంగ అన్న మాట నాలుగుసార్లు ఉంది. ఆయన బాధ న్యాయమైనదే, అయినా పంపనివ్వలేదు. ఎస్క్రో వాళ్లు చదివేది మన బాధ కాదు, మన ఆధారం. తిట్టు ఒక్కటి పడితే అమ్మకందారు దాన్నే పట్టుకుని కూర్చుంటాడు. ఒక వైపు అతను రాసిన మూడు వాక్యాలు, ఎదురుగా మేం తీసిన ఫొటోలు పెట్టాం, ఒక్కో ఫొటో కింద ఒక్క లైను. పరిశీలన గడువులో రెండో రోజే పంపేశాం.

మొదటి జవాబు నేను ఊహించిందే. "మ్యాచింగ్ అన్నాను, నంబర్లన్నీ మ్యాచ్ అవుతున్నాయి కదా." మాటవరసకి అది నిజం. అన్నీ 47లే. ప్రకటనలో ఉన్న ఆ ఒక్క మాటే మా చేతిలో ఉంటే ఓడిపోయేవాళ్లం. ఫ్యాక్టరీ వేసినవే అని అతనే రాసిన వాక్యం తిరిగి చూపించాం.

తర్వాత నేను నిపుణుణ్ని కాదు, ఇంట్లో వాళ్లు చెప్పిందే రాశానన్నాడు. తెలియదని రాసి ఉంటే మేం కొనేవాళ్లం కాదని రాశాం. ఆ తర్వాత మీరే భాగాలు మార్చి తిప్పి పంపుతున్నారన్నాడు. ఈ ఆరోపణ అందరికీ వస్తుంది, వీడియో లేనివాళ్లు దీని దగ్గరే కూలిపోతారు. మా వీడియోలో పెట్టె విప్పిన క్షణంలోనే సైడ్ ప్లేటు మీది నంబరు, గ్రిప్ స్క్రూ తలలో ఉన్న పాత గీతలు కనబడుతున్నాయి. పక్కన డీలర్ నిలబడి ఉన్నారు.

నాలుగోది ప్రమాదకరమైంది. సగం డబ్బు వెనక్కి ఇస్తాను, పిస్టల్ మీరే ఉంచుకోండి అన్నాడు. పెద్దాయన ఊగిసలాడారు. చూడటానికి అందంగానే ఉంది మరి. నేను ఒక్కటే అడిగాను. "ఇది ఇలాంటిదని ముందే తెలిసి, ఈ సగం ధరకే అమ్మకానికి పెడితే కొనేవారా?" చాలాసేపు ఆలోచించారు. "రష్యన్ పిస్టల్‌గా అయితే కొనేవాణ్నేమో. ఇది అదీ కాకుండా పోయిందిగా బాబూ" అన్నారు. నిజమే. ఎక్స్ రుద్దేశాక అది సోవియట్ సరుకుగా కూడా విలువ పోగొట్టుకుంది. పైగా సగానికి ఒప్పుకుంటే ఫిర్యాదు మూసుకుపోతుంది, తర్వాత ఇంకేం బయటపడినా అడగడానికి వీలుండదు.

వాపసే కావాలన్నాం. మూడు వారాలు పట్టింది. డీలర్ నుంచి డీలర్‌కే తిరుగు ప్రయాణం, బయల్దేరేముందు మళ్లీ వీడియో. ధర మొత్తం వచ్చింది. రెండు వైపులా పంపిన ఖర్చు, డీలర్ రుసుము పెద్దాయన మీదే పడ్డాయి. నా రుసుము నేను తీసుకోలేదు. ఆ మసక ఫొటో దగ్గర సరేనన్నది నేనే.

రెండు నెలల తర్వాత అదే పిస్టల్ వేరే పేరుతో మళ్లీ అమ్మకానికి వచ్చింది. అదే నల్ల గుడ్డ, అవే ఏడు ఫొటోలు, అదే తాతగారు. మ్యాచింగ్ అన్న మాట అలాగే ఉంది. సంవత్సరం, నంబరు, అక్షరం వేసి మా పాత ఫైలు మొత్తం సైట్ నిర్వాహకులకు పంపాం. ప్రకటన తీసేశారు.

పెద్దాయన ఈమధ్య ఇంకో లూగర్ కొన్నారు. ఆ అమ్మకందారు ప్రకటనలోనే ఎక్స్‌ట్రాక్టర్ వేరే పిస్టల్‌దని, ఒక గ్రిప్ మార్చిందని రాసి, ఆ రెండు చోట్లా వేలు పెట్టి చూపిస్తూ ఫొటోలు పెట్టాడు. బ్యారెల్ అడుగు ఫొటోలో హేలో అద్దంలా మెరుస్తోంది. పిస్టల్ వచ్చిన రోజు పెద్దాయన నన్ను పిలిచి, టాగిల్ ఎత్తి, ముందుగా కలవని ఆ ఎక్స్‌ట్రాక్టరునే చూపించారు.